మత్సునే వంతెన నడుమ

పండగనాడు మత్సునే వంతెన నడిమి పలకలు విరిగి నదిలో పడి చనిపోయినవాళ్లలో ఓతోసె భర్త యసుకె ఒకడు. తప్పంతా తోసుకున్న జనానిదేనని అధికారులు చాటించారు. పుచ్చిన దూలాల మాట ఎవరూ ఎత్తకూడదన్నారు. ఏడాది గడిచినా వంతెన బాగుచేయలేదు.

యసుకె అచ్చుబొమ్మల చెక్కలు చెక్కేవాడు. పక్కన కూర్చుని ఓతోసె కూడా ఆ పని నేర్చుకుంది. ఒకరోజు, బొమ్మలు అచ్చువేయించి అమ్మే గెన్‌బెయి కొత్త చిత్తరువు పట్టుకొచ్చాడు. వాన, నది, ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా నిండుగా మత్సునే వంతెన.

"దొరలు చూసి, అచ్చువేయొచ్చని ముద్ర వేశారమ్మా. ఉన్నది ఉన్నట్టు చెక్కు."

"అలాగేనండీ. ఉన్నది ఉన్నట్టే చెక్కుతా," అంది ఓతోసె.

వంతెన నడిమి గీతల్ని ఒక్కటి మిగల్చకుండా ఉలితో లేపేసింది.

అచ్చువేసే పని ఆమె మరిది కుమజిది. మొదటి కాగితం ఎత్తి చూసి గతుక్కుమన్నాడు.

"ఇదేంటి వదినా, నడుమ తెల్లగా వచ్చింది?"

"అక్కడేముందని నల్లగా రావడానికి?"

"మన కొంప ముంచుతావు."

"భయమైతే రంగు గిన్నెలు ఇక్కడ పెట్టి వెళ్లు. నేనే అద్దుకుంటా."

కుమజి వెళ్లలేదు. నీలిరంగు ఇంకాస్త చిక్కగా కలిపాడు. గెన్‌బెయికి తెలిసేలోపే, రేవులో పడవకోసం నిలబడ్డవాళ్ల చేతుల్లోకి ఆ బొమ్మలు వెళ్లిపోయాయి.

అధికారి భటులతో వచ్చాడు. వెనకాల గెన్‌బెయి నిలబడ్డాడు.

"గీతలన్నీ పోయేలా ఆ చెక్కమీద చిత్రిక పట్టు," అన్నాడు అధికారి.

"పట్టను."

"చెక్కింది నువ్వేగా?"

"నేనే. అందుకే పట్టను. మీవాళ్లకు చేతులున్నాయిగా."

భటుడు చిత్రిక పట్టాడు. యసుకె దాచుకున్న మంచి చెక్క అది. పొట్టు రాలి ఓతోసె కాళ్లదగ్గర పడింది. ఆమె చూపు తిప్పుకోలేదు.

"ఉలి జారిందని ఒప్పుకో, వదిలేస్తాం," అన్నాడు అధికారి, కాస్త మెత్తబడి.

"జారలేదు."

ఆమె చేతులకు సంకెళ్లు వేసి, ఇల్లు కదలొద్దన్నారు. మర్నాడు పొద్దున్నే ఓతోసె వచ్చి గడపమీద కూర్చుంది. సంకెళ్లు ఒళ్లో పెట్టుకుంది. కుమజి అన్నం ముద్ద తెచ్చి నోటికందించాడు.

"లోపలికి రా వదినా. దారినపోయేవాళ్లంతా చూస్తున్నారు."

"చూడనీ. చూడాలనే కూర్చున్నా."

రేవునుంచి వస్తున్న ఒక ముసలమ్మ ఆగింది. ఆమె కొడుకు కూడా ఆ పండగనాడే వంతెన విరిగి పోయాడు. వచ్చి గడపమీద ఓతోసె పక్కన కూర్చుంది.