రెండు వేళ్ల పిడక

పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస ఇంకా నాలుగు రోజులుందనగా, నీళ్లు కాగబెట్టుకుందామని బాలనర్సమ్మ పొద్దున్నే పాత గోనెసంచి దులిపింది. అడుగున పిడక ముక్క ఒకటి మిగిలింది. పొయ్యిలో పెట్టబోయి, వేలికి గుంట తగిలితే ఆగింది. ముక్కను వెలుతురుకు పట్టి చూసింది. విరిగిన అంచును ఆనుకొని ఒక వేలి గుంట. వెనకవైపు ఎండిన సొరగింజ ఒకటి.

ముక్కను చేత పట్టుకొనే గూటి వైపు లేచింది.

పెనిమిటి కృష్ణయ్య తాటిచెట్లు ఎక్కేవాడు. ఏటా గింజలను పచ్చి పెండలో ఒత్తి గోడకు కొట్టేవాడు. పురుగు పట్టకుండా మృగశిర దాకా నిలిచేవి. అందులో సొరగింజలు రెండు రకాలు. కూర సొరకు ఒక వేలు గుచ్చేవాడు. కల్లు పోసుకునే బుర్రల కోసం వాగొడ్డున పెట్టే చేదు సొరకు పక్కపక్కనే రెండు వేళ్లు గుచ్చేవాడు. ఆ బుర్ర చెడిపోదని ఆయన నమ్మకం. "గీ కాయ కూరల వడ్డదనుకో, ఇంటిల్లిపాది పోతం" అని ప్రతి ఏడూ చెప్పేవాడు.

నాలుగేండ్ల కింద చెట్టు మీది నుంచి పడి పోయాడు. ఆ పొద్దు గడప దాటుతూ "పోతున్న" అన్నాడు. "పోయొస్త" అనలేదు. ఆమె జొన్నపిండి కలుపుతూ తల కూడా ఎత్తలేదు.

ఆయన పోయాక, కిరాణం పొట్లాల కాగితాలు కూడబలుక్కుంటూ తనంతట తానే చదువు నేర్చుకుంది. బెండ, చిక్కుడు, బీర గింజల డబ్బాలన్నిటికీ పేర్లు రాసి అంటించింది. సొర పిడకలకు మాత్రం రాయలేదు. రెండు వేళ్లదానితో ఇక పనే లేదు, ఏనాడో పొయ్యిలో వేయాల్సింది. వేయలేకపోయింది. అప్పుడప్పుడు ఆ గుంటల్లో తన వేళ్లు పెట్టి చూసుకునేది.

మొన్న ఎండాకాలం సున్నం వేసినవాళ్లు గోడమీది పిడకలన్నీ ఊడబెరికి సంచిలో పడేశారు. కొన్ని విరిగాయి. మృగశిర నాడు చేతికందిన సగం ముక్కలో ఒక వేలి గుంట చూసి, కూర సొరే అనుకుంది. గింజలు తీసి నానేసింది. తను నాలుగు పెట్టుకుంది, పక్కింటి రిజ్వానాకు ఐదు ఇచ్చింది. తనవి మొలకల మీదే మేకలు మేశాయి. రిజ్వానా తీగ ఏపుగా పెరిగి గోడెక్కింది.

గూట్లో దాచుకున్న ఆ సగం ముక్కను తెచ్చి, ఈ ముక్కకు ఆనించింది. సరిగ్గా అతుక్కున్నాయి. గుంట పక్కన గుంట.

"రిజ్వానా! ఓ రిజ్వానా!"

గోడ అవతలి నుంచి పిండి చేతులతో రిజ్వానా తొంగిచూసింది. "ఏందవ్వా, గంత గనం మొత్తుకుంటున్నవు? పాము గిట్ల వచ్చిందా?"

"సొరకాయ తెంపినవా?"

"తెంపిన. తొలి కాయ. నీకు సగం తీసి పెట్టిన, ఫికర్ చెయ్యకు. నువ్విచ్చిన గింజల మీద నీకే గింత ఆశనా?" అని నవ్వింది.

"వండినవా బిడ్డా?"

"వండలె. షుగరోళ్లకు పరిగడుపున సొరకాయ రసం మంచిదని మా బిడ్డ సబా ఫోన్ల చూపిచ్చింది గద. వాళ్ల బాపుకు మిక్సీ పట్టిచ్చిన."

"తొడిమె కాడ ముక్క కోసి నాలికకు పెట్టి చూసినవా? ఎన్నిసార్లు చెప్పిన నీకు!"

రిజ్వానా నసిగింది. "నువ్వు దోసకాయకూ గదే చెప్తవు, బీరకాయకూ గదే చెప్తవు. అన్నీ నాక్కుంట కూసుంటే వంట ఎప్పుడైతదవ్వా? ఆయన తాగంగనే మొఖం గిట్ల పెట్టిండు, చేదన్నడు. కాకరకాయ తాగుతలేవా, షుగరుకు చేదే మందు, కండ్లు మూసుకొని తాగమన్న. సగం గిలాస తాగిండు. మిగిలింది సీసల పోసుకొని దుకాణానికి పోయిండు, జర జర తాగుతనని."

"గది కూర సొర కాదు, రిజ్వానా. బుర్ర సొర. విషం."

రిజ్వానా ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం మారిపోయాయి. పిండి చేతులతోనే ఫోను నొక్కింది. అవతల మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ నొక్కింది. "మిషిను చప్పుడుకు ఇనవడదు ఆయనకు," అంది, తనకు తాను చెప్పుకున్నట్టు.

రిజ్వానా భర్త లియాఖత్ అలీ దర్జీ. కల్వకుర్తి బస్టాండు పక్కన దుకాణం. ఇద్దరూ ఎక్కిన ఆటోలో బాలనర్సమ్మ ఒళ్లో పిడక ముక్కలూ, తన కోసం తీసిపెట్టిన సగం సొరకాయా ఉన్నాయి. గోటితో కాస్త గీకి నాలుక కొసకు తగిలించింది. చేదు చెవుల దాకా ఎక్కింది. బయటికి ఉమ్మేసింది. తన పొరపాటేమో అన్న ఆశ కూడా అంతటితో పోయింది.

రోజూ దుకాణానికి పోతూ లియాఖత్ గోడ మీదుగా "పెద్దమ్మా, పోతున్న!" అని కేకేసేవాడు. "పోయొస్త అనాలె కొడుకా" అని ఆమె దిద్దేది. "పోతనే గద వచ్చేది!" అని నవ్వేవాడు. ఈ పొద్దు కేక వినపడింది. గోనెసంచి దులుపుతూ ఆమె బదులు చెప్పలేదు.

దుకాణంలో మిషను చప్పుడు లేదు. సూది కింద జాకెట్టు గుడ్డ సగం కుట్టి ఉంది. లియాఖత్ మెట్టు మీద కడుపు పట్టుకొని కూర్చున్నాడు. ముందర వాంతి. అందులో ఎర్రగా చార. సీసా అడుగున రెండు వేళ్ల మందం రసం మిగిలింది.

"నువ్వెందుకొచ్చినవు పెద్దమ్మా?" చెమటతో తడిసిన ముఖంతోనే నవ్వబోయాడు. "మీ సొరకాయ మందు గట్టిగనే పని చేస్తాంది."

దవాఖానలో డాక్టరమ్మ చీటీ మీద నుంచి కళ్లెత్తకుండానే అడిగింది. "బయట ఏమన్న తిన్నడా?"

"ఏం తినలేదమ్మా," అంది రిజ్వానా. "సొరకాయ రసం. ఇంటి కాడ పండిందే. మందులు గూడ కొట్టలె."

డాక్టరమ్మ తలూపి, కడుపు నొప్పి అని రాయబోయింది. బాలనర్సమ్మ బల్ల దగ్గరికి జరిగింది. చెప్తే పదిహేనేండ్ల గోడ పక్క పొత్తు ఈ బల్ల దగ్గరే తెగిపోతుంది. చెప్పకపోతే ఆయన పోతాడు. కాయను, పిడక ముక్కలను బల్ల మీద పెట్టింది.

"చేదు సొర, బిడ్డా. కల్లు బుర్రలకు పెట్టేది. కలెగలిసినయి. గింజలు నేనే ఇచ్చిన."

కలం ఆగింది. డాక్టరమ్మ లేచి లియాఖత్ నాడి పట్టింది, నర్సును కేకేసింది. బీపీ దిగిపోతోందంది. సెలైన్ ఎక్కించి, ఇక్కడ కాదు, పాలమూరు పెద్ద దవాఖానకు వెంటనే తీసుకుపోవాలంది. రిజ్వానా తిరిగి బాలనర్సమ్మను చూసింది. అట్లా చూసి, భర్త చెప్పులు చేత పట్టుకొని అంబులెన్సు వైపు నడిచింది. తిట్టినా బాగుండేది.

స్ట్రెచర్ మీద లియాఖత్ కళ్లు తెరిచాడు. బాలనర్సమ్మ తలుపు ఊచ పట్టుకొని ముందుకు వంగింది.

"పోయొస్త అను కొడుకా. ఒక్కసారి అను."

ఆయన పెదవులు కదిలాయి. "పో..." అన్నాడు. తలుపు పడింది.

సాయంత్రం బాలనర్సమ్మ కొడవలి తీసుకొని రిజ్వానా పెరట్లోకి వెళ్లింది. గోడ మీద ఇంకా మూడు పిందెలు వేలాడుతున్నాయి. తీగను మొదలంటా కోసింది, పిందెలను గుంటలో పూడ్చింది. ఫోను ఒళ్లో పెట్టుకొని గోడకు చేరగిలబడింది. మోగలేదు.

మొదలు తెగిన సంగతి తీగకు ఇంకా తెలియలేదు. పొద్దుగూకే వేళకు తెల్లపూలు రోజూలాగే విచ్చుకున్నాయి.