ఏడు పేర్ల వేడి

రెండు పీపాలు చచ్చిపోయాయి. ఇది మూడోది.

చచ్చిపోవడమంటే బీరు పొంగకపోవడం. రాత్రంతా ఊరిన పీపా మూత పొద్దున్నే తీస్తే పైన నురగ ఉండాలి, చెవి పెడితే సన్నగా చిటపట వినిపించాలి. అగ్గిపుల్ల గీసి పీపా నోట్లోకి దించితే ఎవరూ ఊదకుండానే ఆరిపోవాలి. మా రెండు పీపాల్లోనూ పుల్ల నిక్షేపంగా చివరిదాకా కాలి, పట్టుకున్న తోలికా బావగారి వేళ్లు చురుక్కుమనిపించింది. లోపలున్నది బీరు కాదు, చల్లారిన తియ్యటి జావ. రెండుసార్లూ పందికే పోశాం. ఈ పద్నాలుగు నెలల్లో మా ఇంట్లో బాగుపడింది అదొక్కటే.

నా మొగుడు జ్వెలాఖే పోయి పద్నాలుగు నెలలైంది. ఏడాది తిరగగానే నా నల్లబట్టలు విప్పించాలి. అందుకు ఇంట్లో కాచిన జొన్న బీరు కావాలి. మొదటి దోసెడు పోయినవాడికి నేలమీద పోసి, ఆయన ఒప్పుకున్నాడని ఇంటి పెద్ద నలుగురిలో చెప్పాలి. బీరు పొంగలేదంటే పోయినవాడు ఒప్పుకోలేదని అర్థం. మా ఇంటి పెద్ద తోలికా బావగారు, నా మొగుడి పెదనాన్న కొడుకు. రెండో పీపా కూడా చచ్చిపోయిన రోజు ఆయన పశువుల దొడ్డి గేటుకు ఆనుకుని తేల్చి చెప్పేశాడు.

"మూడోదీ ఇంతే అయితే తమ్ముడు వదలనంటున్నట్టే. ఇంకో ఏడాది ఈమె నలుపులోనే ఉంటది."

చెప్పడం ఆయనకేం, సులువే. మోసేది నేను. నలుపులో ఉన్నది నీళ్లు తెచ్చుకునే ఊట దగ్గర పైకి నవ్వకూడదు, పాట ఎత్తుకోకూడదు, పొద్దు వాలేలోగా ఇంట్లో ఉండాలి. పసిపిల్లల్ని ముట్టుకోకూడదు. నది అవతల నా కూతురికి కొడుకు పుట్టి ఐదు నెలలైంది. వాడి బోసినోరు ఫోనులో చూశానంతే. ఏడ్చి ఏడ్చి అలసిపోయానని ఊళ్లో అనుకుంటారు. ఏడుపు మూడో నెలలోనే అయిపోయింది. ఆ మందపాటి గుడ్డను, పైన నల్లశాలువాను ఎండనకా వాననకా మోసి అలసిపోయాను.

అయినా ఒక మాట సిగ్గు విడిచి చెప్పాలి. మొదటి పీపా పొంగనప్పుడు నాకు లోపలెక్కడో సంతోషం వేసింది. జ్వెలాఖే ఇరవయ్యారేళ్లు దూరపు బంగారు గనిలో పనిచేశాడు. క్రిస్మస్‌కు మూడు వారాలు వచ్చేవాడు, ఒక కంబళి తెచ్చి మంచం మీద పడేసేవాడు, ఆ మూడు వారాలూ దొడ్లో మగవాళ్లతో కూర్చునేవాడు. ఊపిరితిత్తులు పాడై ఇంటికి వచ్చేశాక కూడా గోడవైపు తిరిగే పడుకునేవాడు. బతికుండగా పట్టించుకోని మనిషి చచ్చాక నన్ను పట్టుకున్నాడంటే, పట్టుకోనీలే అనిపించింది. మా కాపురంలో ఆయన నాతో ఆడిన సరసం అదొక్కటే.

విధవ తన విడుదల బీరు తాను ముట్టుకోకూడదు. ఆడబిడ్డ కాయాలి. నా ఆడబిడ్డ వుయెల్వా, జ్వెలాఖేకు అక్క. చుట్టుపక్కల నాలుగు కొండల్లో పెళ్లికైనా చావుకైనా నలభై ఏళ్లు బీరు కాచింది ఆమే. ఈ రెండేళ్లుగా చక్కెర జబ్బు అని మానేసింది. తమ్ముడి పని కాబట్టి మళ్లీ పొయ్యి దగ్గరికి వచ్చింది.

ఆమె పద్ధతి ఊరందరికీ తెలుసు. జొన్నలు నానబెట్టి, తడి గోనెపట్టా కింద మొలకెత్తించి, ఎండబెట్టి, రాతిమీద తనే నూరుతుంది. రెండు బేసిన్ల మొక్కజొన్న పిండికి ఒక బేసిన్ మొలకపిండి. అందులో సగమే మొదట కలిపి, వేణ్ణీళ్లు పోసి, రాత్రంతా పులవనిస్తుంది. మర్నాడు మూడుకాళ్ల ఇనప కుండలో జావలా ఉడికించి, పీపాలో పోసి ఆరబెడుతుంది. ఆరాక మిగతా సగం మొలకపిండి వేస్తుంది. అసలు కిటుకంతా ఆ ఆరడంలోనే ఉంది. వేడిమీద వేస్తే మొలకపిండి చచ్చిపోతుంది. మరీ చల్లారాక వేస్తే పొంగడానికి మూడు రోజులు తీసుకుంటుంది. వుయెల్వా కొలత ఆమె చెయ్యే. మణికట్టుదాకా జావలో ముంచి, వంశంలోని ఏడుగురు పెద్దల పేర్లు వరసగా చదువుతుంది. రెండో పేరుకే చెయ్యి లాగేసుకుంటే ఇంకా ఆగాలి. ఏడు పేర్లూ అయ్యేదాకా చెయ్యి ఓర్చుకుంటే అదీ వేడి, అప్పుడు వెయ్యాలి.

ఆ పేర్లు నాకు కంఠతా వచ్చు, కానీ నా నోట రాకూడదు. కోడలు మామగారి వైపు పెద్దల పేర్లు పలకదు. ముప్ఫైరెండేళ్లుగా వింటున్నాను, ఒక్కసారీ పలకలేదు.

మూడో పీపా రోజు నేను పదడుగుల దూరంలో చాప మీద, వంటింటి గోడకు ఆనుకుని కూర్చున్నాను. తోలికా బావగారు మందను తోలుకుని పోయాడు. పెరట్లో మేమిద్దరమే ఉన్నాం.

"ఏమే, అట్లా మొహం వేలాడేసుకుంటే జావ కూడా విరిగిపోద్ది," అంది వుయెల్వా, కుండలో జావను పీపాలోకి తోడుతూ. "నా తమ్ముడు మొండివాడు. చిన్నప్పుడు రొమ్ము మాన్పించడానికి మా అమ్మ మిరపకాయ రాస్తే, అది కూడా నాకి ఊరుకున్నాడు. నువ్వు మంచిగా అడుగు, వదిలేస్తాడు."

"అడిగా. బతికున్నప్పుడు ఏదడిగినా గోడవైపు తిరిగేవాడు. ఇప్పుడు గోడ కూడా లేదు, ఎటు తిరిగాడో."

పకపకా నవ్వింది. నవ్వుతూనే నిప్పుల పక్కన కాలుతున్న కుండ ఇనప మూతను గుడ్డ లేకుండా వట్టి చేత్తో తీసి పక్కన పెట్టింది. నేనైతే కెవ్వుమనేదాన్ని. ఆమె మాత్రం చెయ్యి విదిలించనైనా లేదు.

పీపాలోంచి ఆవిరి దట్టంగా లేస్తోంది. దాని సెగ నా చాపదాకా తగులుతోంది. వుయెల్వా చెయ్యి ముంచి పేర్లు మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. చర్చిలో పాట పాడుతున్నట్టు నిదానంగా చదివింది. ఏడూ అయ్యాయి. చెయ్యి తీసి మొలకపిండి బేసిన్ అందుకుంది.

అప్పుడు నాకు అంతా తెలిసిపోయింది. మొదటి పీపా, రెండో పీపా, అన్నీ. నా మొగుడు ఏ మొండితనమూ చెయ్యలేదు.

నోరు మూసుకుని కూర్చుంటే ఏమవుతుందో కూడా తెలుసు. పీపా చస్తుంది. ఇంకో ఏడాది నలుపు. ఇంకో ఏడాది, మొగుడు వదలని పెళ్లాన్ని. ఊట దగ్గర ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటూ "ఎంత ప్రాణమో ఆయనకి" అంటారు. ఆ మాట వినడానికి ఎంత బాగుంటుందో మీకు చెప్పలేను. ఎంత బాగున్నా ఇక మోసే ఓపిక నాకు లేదు.

"వదినా, పిండి వెయ్యకు."

"నోరుముయ్యి. నలుపులో ఉన్నదానివి, నువ్వు ఇటు చూడనే కూడదు."

"నీ చెయ్యి చూసుకో."

చూసుకుంది. మణికట్టుదాకా ఎర్రగా కమిలిపోయి, వేళ్ల సందుల్లో చర్మం ఉబ్బి తెల్లబడింది. వేరేవాళ్ల చెయ్యి చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. బేసిన్ కింద పెట్టి పొయ్యిరాయి మీద కూలబడింది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"ముందు కాళ్లు మొద్దుబారినయ్. తర్వాత వేళ్లు. క్లినిక్కులో నర్సమ్మ సూదితో గుచ్చి, తెలుస్తోందా అంది. తెలుస్తోందన్నా. అబద్ధం." కమిలిన చెయ్యిని ఒళ్లో పెట్టుకుంది. "ఒట్టే, జావ ఆరిందనే అనుకున్నా. వాడే అడ్డం పడుతున్నాడనుకున్నా. ఈ చెయ్యి కూడా పోతే ఇంక నన్ను ఏమని పిలుస్తారే ఊళ్లో?"

జాలేసింది, కోపమూ వచ్చింది. పద్నాలుగు నెలల్లో ఎక్కువైన రెండు నెలలూ ఈమె అబద్ధానివే. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక ఉండాలి. లేచి పీపా దగ్గరికి వెళ్లాను.

"నా చెయ్యి పెడతా. పేర్లు నువ్వు చెప్పు."

"నువ్వు ముట్టుకోకూడదు!"

"నువ్వు అబద్ధం చెప్పకూడదు. ఇద్దరం తప్పు చేసినవాళ్లమే, ఎవరు ఎవరి మీద చెప్తారు?"

ఆమె గేటువైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి మొదలుపెట్టింది. రెండో పేరు సగంలో ఉండగానే చెయ్యి లాగేశాను, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం. మళ్లీ ముంచితే ఐదో పేరుదాకా ఆగగలిగాను. నీడ పెరడు దాటింది. మూడోసారి ఏడు పేర్లూ నా చెయ్యి జావలో ఉండగానే అయిపోయాయి. చివరి పేరుతో పాటు వుయెల్వా మొలకపిండి పోసింది, నేను కర్రతో కలిపాను.

మర్నాడు పొద్దున్నే ఊరివాళ్లంతా చేరారు. బావగారు అగ్గిపుల్ల గీసి పీపాలోకి దించాడు. మంట వెంటనే ఆరిపోయింది. గడ్డితో అల్లిన సంచిలో వడకట్టి, మొదటి దోసెడు నేలమీద పోసి, ఆయన ఒక గుక్క తాగి నాలుక చప్పరించాడు.

"తమ్ముడు వదిలేశాడు! రెండుసార్లు పట్టుకుని ఉన్నాడు చూడండి, పెళ్లామంటే వాడికి అంత ప్రాణం!"

ఆడవాళ్లు కేరింతలు కొట్టారు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. పెళ్లామంటే ఇలా ఉండాలని పక్కింటావిడ అంది.

నల్లగౌను గుండీలు ఆడబిడ్డే విప్పాలి. వుయెల్వా నా ఎదుట నిలబడి చెవిలో అంది, "వాడు పట్టుకోలేదనా ఏడుపు?"

తల ఊపాను.

"పోనీ, ఇంకో ఏడాది ఉంటావా?"

"వద్దు."

ఆమె వేళ్లు గుండీల మీద తడుముకుంటున్నాయి, ఒక్కటీ ఆనడం లేదు. జనం చూస్తున్నారు. ఆ చేతుల చాటున నా చేతులు పెట్టి, గుండీలన్నీ నేనే విప్పుకున్నాను.