ఏరు దాటే ఆవులు

చలికాలం పోగానే జులూ కొండల్లోని ఆ నేతశాలలో మొదట గొర్రెలకు, తరువాత గోడల మీది తివాచీలకు ఊలు కత్తిరిస్తారు. తివాచీలకు ఏటా ఊలు పెరుగుతుంది. నేసిన మనిషి గానీ, ఆమె రక్తం పంచుకున్నవాళ్లు గానీ కత్తెర వేస్తేనే తెగుతుంది. చనిపోయిన అక్క లిండెని నేసిన ‘ఏరు దాటే ఆవులు’ తివాచీని ముసలి బజబులిలే కత్తిరిస్తుండగా పట్నం మ్యూజియం జీపు వచ్చింది.

అధికారి జోండి దిగి, అవ్వలను జులూలో పిలిచినట్టే పిలిచాడు. "గోగో, ఇది మాకిచ్చేశారు. మీ నేతశాల కమిటీవాళ్లు ఒప్పుకున్నారు," అంటూ తివాచీ పక్కన తగిలించబోయే రేకు చూపించాడు. దాని మీద నేతశాల పెట్టిన విదేశీ దొరసాని పేరొక్కటే ఉంది.

"ఆవిడ మగ్గం తెచ్చింది. నేసింది మా అక్క లిండెని. వేళ్లు పగిలి నెత్తురు కారుతున్నా నేసింది. దాని పేరేదీ?"

"రుజువేదీ గోగో? తివాచీ మీద సంతకం లేదే!"

"నిన్ను కన్నందుకు మీ అమ్మ నీ వీపు మీద సంతకం పెట్టిందా?"

చుట్టూ చేరిన నేతశాల ఆడవాళ్లు పగలబడి నవ్వారు. జోండి నవ్వలేదు. తివాచీని చుట్టించి జీపెక్కించాడు. బజబులిలే కత్తెర నేలకేసి కొట్టింది.

ఆ కోపం వాళ్ల మీద మాత్రమే కాదు. ఈ మధ్య ఆమె పొయ్యి మీద కుండను మరిచిపోతోంది, పక్కింటివాళ్ల పేర్లు మరిచిపోతోంది. రేపు అక్క పేరూ జారిపోతే, ఇంక దాన్ని పలికేదెవరు?

వానలు పడేసరికి మ్యూజియంలో తివాచీ ఊలు పెరిగి ఆవులను కప్పేసింది, ఏటిని కప్పేసింది, రేకు మీదికి పాకింది. ఎవరు కత్తెర వేసినా మొద్దుబారింది. చివరికి జోండి వచ్చి బజబులిలేని తీసుకెళ్లాడు.

గోడ ముందు ఆమె కదలకుండా నిలబడింది. "ముందు పేరు రాయి."

"ఏం రాయమంటావు గోగో?"

ఆమె నోరు తెరిచింది. పేరు రాలేదు. అక్క ముఖం కనిపిస్తోంది, అక్క పీల్చే ముక్కుపొడి వాసన కూడా తగులుతోంది. పేరు మాత్రం లేదు.

"నన్నడుగుతావేంట్రా?" అని అరిచింది. "ఆ రోజు అంతమందిలో చెప్పానుగా! చెవుల్లేవా నీకు? నువ్వే చెప్పు!"

జోండి తల దించుకున్నాడు. "లిండెని," అన్నాడు.

"గట్టిగా చెప్పు."

"లిండెని!"

"ఇంటిపేరు సిబియా. రాయి. ఆ దొరసాని పేరుకన్నా పెద్దగా రాయి."

అతను రాశాడు. ఆమె అక్షరాలను కూడబలుక్కుని చదివింది, మళ్లీ చదివింది. తరువాత, కోపం తగ్గకుండానే, ఊలులోకి కత్తెర దించింది.