కూయని వంపు

ఆ ఉదయం ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా దీవుల మీద వేలాడుతోంది. వాన కురవదు, తెరిపీ ఇవ్వదు. ఆర్నె రెండు బస్తాల బతికున్న ఆల్చిప్పలతో ఆ పాత చెక్క ఆవిరి ఓడ ఎక్కాడు. తీర రక్షణ సంఘానికి ముప్పై ఏళ్లు నిండాయి, వేడుక ఈ ఓడ మీదే. మధ్యాహ్నం విందుకు చిప్పలు ఏటా అతనివే, తీరం లోపలికి వంగిన కొంగల వంపులో అతను పెంచినవే.

సంఘం అధ్యక్షుడు వెండెల్ మెట్ల దగ్గరే పట్టుకున్నాడు. "ఇవాళన్నా కాళ్లు కడుక్కొచ్చావా, లేదా?"

"నా బురద లేకపోతే నీకు కుర్చీ ఎక్కడిదిరా?"

ఇద్దరూ నవ్వారు. ముప్పై ఏళ్ల కిందట ఆ వంపులో మోకాటి లోతు బురదలో, మట్టి తవ్వే యంత్రానికి అడ్డంగా నిలబడింది వాళ్లిద్దరే. సంఘం అక్కడే పుట్టింది.

ఓడ తీరం వెంట సాగింది. సంఘం కాపాడిన ప్రతి చోటా ఓ కూత వేయడం ఆనవాయితీ. కూత వినపడగానే జనం చప్పట్లు కొట్టేవాళ్లు. ఆర్నె వేళ్లు మడుస్తున్నాడు. ఏడు. ఎనిమిదోది తన వంపుది. టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

నీటి అడుగున పచ్చగడ్డి, ఒంటికాలి మీద కొంగలు, అన్నీ దాటిపోయాయి. ఓడ కూయలేదు.

అతను మెట్లెక్కి, కూత మరిచిపోయావా అమ్మా అని ఓడ నడిపే గ్రెటాను అడిగాడు. ఆమె తల తిప్పలేదు. మరిచిపోలేదట, వద్దన్నారట.

వద్దన్నదెవరో అడగక్కర్లేకపోయింది. కింద వెండెల్ తన కాఫీలోకి చూస్తున్నాడు. ఆర్నె దిగొచ్చి ఎదురుగా నిలబడితే, తలెత్తకుండానే చెప్పాడు.

"పోయిన నెల ఒప్పందం మీద సంతకం పెట్టాం. నీ వంపులో షికారు పడవలకి రేవు కడతారు. బదులుగా ఏరు సముద్రంలో కలిసే చోటంతా మనకొదిలేస్తారు. దానికి పదింతలుంటుందిరా."

"నాకెందుకు చెప్పలా?"

"చెబితే నువ్వు రావుగా."

"నేను రాకపోతే చిప్పలూ రావు."

వెండెల్ కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాడు.

"కూత వేయించేస్తే సరిపోయేది. ఇవాళ్టికి నాకు తెలిసేది కాదు."

"దానికి మాత్రం మనసొప్పలేదు."

ఆర్నె చాలాసేపు ఓడ అంచు కమ్మీలు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాతి రెండు చోట్లా కూతలు వినిపించాయి. అప్పుడు వెళ్లి బస్తా విప్పి, కత్తి తీసి బల్ల దగ్గర కూర్చున్నాడు. చిప్పలు అంత చులాగ్గా తెరవడం అక్కడ ఇంకెవరికీ చేతకాదు. మొదటిది వెండెల్ పళ్లెంలో పెట్టాడు, రెండోది తన పళ్లెంలో.

సంతకాల సంగతి తెలిసినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఆర్నె తెరుస్తూ పోయాడు, వాళ్లు తింటూ పోయారు. ఖాళీ చిప్పలు బాల్చీలో ఒకదాని మీద ఒకటి చప్పుడు చేస్తూ పడుతున్నాయి.