ఒక పెళ్ళికి ఒక్క ఫొటో

చిట్టి మొగుడు డేటాబేసుల ప్రొఫెసర్. కాలేజీ వెబ్‌సైట్‌లో ఆయన ఫొటో కింద 'పరిశోధనాసక్తులు' అని బారెడు రాసి ఉంటుంది. పెళ్ళికి ముందు చిట్టి దాన్ని ప్రేమలేఖలా చదువుకునేది. అర్థమైంది మాత్రం ఒక్కటే: ఏ సమాచారమైనా ఒక్క చోటే ఉండాలి. రెండో చోట కనిపిస్తే ఆయనకు ఒళ్ళు మంట.

కాపురానికొచ్చాక ఇంకా బాగా అర్థమైంది. ఇంట్లో రెండు గోడగడియారాలుంటే ఒకటి తీసేశాడు. "కాఫీ బాగుందా?" అని అడిగితే, "నిన్ననే చెప్పాను కదా. అభిప్రాయం మారితే తెలియజేస్తాను" అన్నాడు. చిట్టికి కోపం రాలేదు. ఆయన కప్పు కడిగి బోర్లించే తీరు చూసినా మురిసిపోయే రోజులవి.

ఆ ఆదివారం పెద్దమ్మ వస్తానంది. చిట్టిని ఎత్తుకు పెంచిన మనిషి. సరిగ్గా పెళ్ళికి ముందే కాలు విరగ్గొట్టుకుని మంచానికి అతుక్కుపోయింది. "పెళ్ళి ఎలాగూ చూడలేకపోయాను, ఫొటోలైనా కళ్ళారా చూసుకుంటానే" అంది ఫోన్‌లో.

శనివారం సాయంత్రం చిట్టి ల్యాప్‌టాప్ తెరిచింది. పెళ్ళి ఫోల్డర్‌లో ఒక్కటంటే ఒక్క ఫొటో ఉంది. అందులో పెళ్ళికొడుకు కళ్ళు మూసుకున్నాడు, పెళ్ళికూతురు తుమ్ముతోంది.

"ఏవండీ, మిగతావేవీ?"

ప్రొఫెసర్ ముఖం వెలిగిపోయింది. "చూశావా! నా కొత్త సాఫ్ట్‌వేర్. చెప్పిందే మళ్ళీ చెప్పే ఫైళ్ళను పట్టుకుని చెరిపేస్తుంది. అన్నింట్లోనూ అదే నువ్వు, అదే నేను, అవే బట్టలు. వీళ్ళిద్దరికీ పెళ్ళైంది, అంతే కదా సంగతి? ఆ ఒక్కదాంట్లో ఉంది."

"ఫొటోగ్రాఫర్ దగ్గరుంటాయిగా?"

"అబ్బే, అతని దగ్గరివి అప్పుడే చెరిపించేశాను."

"చుట్టాల ఫోన్లలో?"

"భోజనాల దగ్గరే అందరివీ నా ఫోన్‌లోకి ఎక్కించుకుని, పక్కన నిలబడి చెరిపించాను." ప్రొఫెసర్ కాలరు సర్దుకున్నాడు. "ఈ సాఫ్ట్‌వేర్ చూపిస్తే డిపార్ట్‌మెంట్‌లో ఎన్ని చప్పట్లు కొట్టారో తెలుసా!"

"వాళ్ళ పెళ్ళి ఫొటోలు కూడా ఇచ్చారా?"

"అడిగాను. ఎందుకో ఇంకా ఎవరూ ఇవ్వలేదు."

"పోనీ, పోయినవి వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేరేదీ లేదా?"

"అది కాలేజీలో మా పక్కగది ప్రొఫెసర్ ఆసక్తి. మేం మాట్లాడుకోం. పైగా నాది పూర్తిగా చెరుపుతుంది, మిగల్చదు."

"మరి పెద్దమ్మకేం చూపించనండీ?"

ఆమె కళ్ళనిండా నీళ్ళు. ప్రొఫెసర్ మళ్ళీ స్క్రీన్ వైపు చూశాడు. ఆ తుమ్ము ఒక్కటీ చాలదని మొదటిసారి ఆయనకు అనిపించింది.

మర్నాడు చిట్టి పెళ్ళిబట్టలు బయటికి తీసింది. ప్రొఫెసర్ కూడా తనవి కట్టుకున్నాడు. చేతికర్రతో మెట్లెక్కి వచ్చిన పెద్దమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేమిటే, మళ్ళీ పెళ్ళా?"

"నువ్వు రాకుండా చేసుకున్నది పోయింది పెద్దమ్మా. రా, మధ్యలో నిలబడు."

పుస్తకాల మధ్య ఫోన్ నిలబెట్టి ప్రొఫెసర్ పరుగున వచ్చి నిలబడ్డాడు.

"అల్లుడుగారూ, కళ్ళు తెరవండి, నేనేం మిమ్మల్ని కరవను!"

ముగ్గురూ పడీపడీ నవ్వారు. ఫోన్ వరసగా ఫొటోలు తీస్తూ తన పని తాను చేసుకుపోయింది.

కాసేపటికి ప్రొఫెసర్ ఆ ఫొటోలను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. వేలు ఆ సాఫ్ట్‌వేర్ మీదికే పోయింది. ఆయన దాన్ని నొక్కకుండా ఫొటోలు ఒక్కొక్కటే చూస్తూ గొణుక్కున్నాడు.

"ఇందులో పెద్దత్తయ్యగారున్నారు. పాతదాంట్లో లేరు... ఇందులో కర్ర పడిపోయింది... ఇందులో నువ్వు నవ్వుతున్నావు."

"ముందుదాంట్లోనూ నవ్వాను కదండీ, చెరిపేయండి మరి!" అని కవ్వించింది చిట్టి.

ఆయన రెండింటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"వేరే నవ్వు" అన్నాడు.

తర్వాత, పక్కగది ప్రొఫెసర్ ఎక్కడైనా వింటున్నాడేమోనన్నట్టు కిటికీ వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"పెద్దత్తయ్యగారి ఫోన్‌లోకి కూడా పంపేయనా?"