వెర్దియే గారి కాపరుల పాట

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. వెనక గదిలో మంచం మీద అన్సెల్మ్ వెర్దియే గారు, ఆయన పక్కన కూతురు ఉర్సుల్, వంటింట్లో క్యాబేజీ సూపు కాస్తున్న వంటమనిషి మతురీన్, ముందు గదిలో తన మరపెట్టె విప్పుతున్న కాలార్, ఆ పెట్టెకు చోటిస్తూ గోడకు అతుక్కుపోయిన మనవరాలు పెర్రీన్. సాయంత్రం ప్రార్థన కాగానే, పోయేవాళ్లకు రాసే నూనె పట్టుకుని వస్తానని చర్చి ఫాదర్ కబురు పెట్టారు. అంటే జరగవలసింది ఏదైనా ఆలోపే జరగాలని అందరికీ తెలుసు. 

వెర్దియే గారు వయసులో ఉండగా పారిస్‌లో ఒక సంగీత నాటకం కట్టారు. అక్కడివాళ్లు ఈలలు వేసి దింపేశారు. ఆయన మారు మాట్లాడకుండా ఆంజే ఊరికి తిరిగొచ్చి, పేట చర్చిలో ఆర్గన్ ముందు కూర్చుని, ముసలివారయ్యేదాకా లేవలేదు. క్రిస్మస్ రాత్రి ఆయన వాయించే గొర్రెల కాపరుల పాట కోసం పడవలవాళ్లు కూడా నది దాటి వచ్చి, కొయ్యజోళ్లు విప్పి చేత్తో పట్టుకుని నిలబడేవారు. ద్రాక్ష కోతల రోజుల్లో ఆయన కుడి చెయ్యి పడిపోయింది. నాలుక సగం పడిపోయింది. శిష్యులందరూ తీగలను చిన్న సుత్తులతో కొట్టే కొత్త పియానో మోజులో ఎటువాళ్లటు పోయారు. ప్రాణం పోయేలోగా ఆ పాట ఒక్కసారి వినాలని మాత్రం ఆయన కూతురికి ఎలాగో చెప్పగలిగారు. అందుకే ఉర్సుల్ కాలార్‌ను పిలిపించింది.

కాలార్ పనిమంతుడు. కొయ్య దుంగ మీద సన్నని ఇత్తడి మేకులు దిగ్గొట్టి, పిడి తిప్పితే చిన్న గొట్టాలు పాడేలా చేస్తాడు. మేకుకూ మేకుకూ మధ్య ఎంత ఎడం ఉంటే స్వరం అంత సాగుతుంది. అతను పిడి తిప్పాడు. కాపరుల పాట గదంతా పరుచుకుంది. ఒక్క తప్పు స్వరం లేదు. అయినా వెర్దియే గారు మెల్లగా ముఖం గోడ వైపు తిప్పుకున్నారు.

ఉర్సుల్ తల పట్టుకుంది. కాలార్‌కు రోషం వచ్చింది. కాగితం మీద కవలపిల్లల్లా సమానంగా కనిపించే స్వరాలను అలా సమానంగా వాయించకూడదని, మొదటిది కాస్త సాగి రెండోది దాని వెనక పరుగెత్తాలని తనకు తెలియదా అన్నాడు. ఎంత సాగాలో ఏ కాగితమూ చెప్పదు. అందుకే నలుగురూ సాగించేటంత సాగించి, మొదటినుంచి చివరిదాకా అదే కొలతలో మేకులు కొట్టానన్నాడు.

"చివరికి గొర్రెలు పడుకోవాలి" అంది గోడ దగ్గరి గొంతు. "మీవి ఇంకా నడుస్తూనే ఉన్నాయి."

అందరూ అటు తిరిగారు. పెర్రీన్ ముఖం కందిపోయింది. తాతయ్య వాయిస్తే మొదట్లో స్వరాలు బాగా ఊగుతాయని, పోనుపోను ఆ ఊపు తగ్గి, చివరి వరుసలో ఒకదానికొకటి ఆనుకుని సర్దుకుంటాయని చెప్పడానికి ఆమెకు నాలుగుసార్లు గొంతు సవరించుకోవలసి వచ్చింది.

కాలార్ జేబులోంచి సుద్దముక్క తీశాడు. "మాటలతో నాకేం తెలుస్తుందమ్మా? వాయించు. దుంగ మీద గుర్తులు పెట్టుకుంటాను."

"ఇదా, వాయించడమా!" అంది గరిటెతోనే వచ్చిన మతురీన్. "ఎవరైనా గదిలోకొస్తే చాలు, ఆ తీగల పెట్టెని గౌను చెంగు పెట్టి తుడిచేస్తుంటుంది. నా గిన్నెలు కూడా అంత శుభ్రంగా ఉండవు."

ఉర్సుల్ మేనకోడలి భుజం పట్టుకుని ఆ తీగల పెట్టె, తాతయ్య క్లవ్‌సాన్ ముందు కూర్చోబెట్టింది. రెండు గదుల మధ్య తలుపు బార్లా తీసి ఉంది. పక్కన కాలార్, వెనక మతురీన్, గుమ్మంలో అత్త. పెర్రీన్ మొదలుపెట్టింది. తన వేళ్లు తనవి కానట్టున్నాయి. ఒక్కొక్క స్వరం మేకు దిగ్గొట్టినట్టు పడుతోంది. కాలార్ పెట్టెకంటే హీనంగా ఉందని ఆమెకే తెలిసి, సగంలో ఆపేసింది.

"అంతేనా? దీనికేనా నువ్వు కాలార్ పనికి వంకలు పెట్టింది?" అంది ఉర్సుల్. కోపం కాదు, ఏడుపు ఆపుకుంటున్న గొంతు.

పెర్రీన్ చేతులు వాటంతటవే గౌను చెంగు అందుకుని క్లవ్‌సాన్ మెట్లు తుడవసాగాయి. సాయంత్రం వెలుగు ఎదురిళ్ల పలకరాతి కప్పుల మీంచి జారిపోతోంది. ఇక లేచిపోవలసిందే అనుకుంది.

"తలుపు" అన్నారు లోపలినుంచి.

చలిగాలి తగులుతోందేమోనని ఉర్సుల్ పరుగెత్తి కంబళి పైకి లాగింది. ఆయన ఎడమ చేత్తో దాన్ని తోసేశారు. ముఖం గోడ వైపు లేదు. తెరిచిన తలుపులోంచి మనవరాలినే చూస్తున్నారు.

"అందరూ... ఇటు రండి" అన్నారు, ఒక్కో మాటా బరువు మోసినట్టు. "దాన్ని వదిలి... తలుపు వెయ్యి."

"వేస్తే మీకేం వినిపిస్తుంది నాన్నా?"

"రోజూ వింటున్నాను... ఇలాగే. తలుపు ఇవతల నుంచి."

పెర్రీన్ చేతిలో చెంగు ఆగిపోయింది. తాతయ్య నిద్రపోతున్నారనుకుని వాయించిన మధ్యాహ్నాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

కాలార్ తన కొయ్య దుంగను చంకలో పెట్టుకుని, సుద్దముక్కతో వెనక గదిలోకి నడిచి మంచం కాళ్ల దగ్గర కూర్చున్నాడు. మతురీన్ గరిటె గౌను చెంగులో చుట్టుకుని గోడవారగా నిలబడింది. ఉర్సుల్ గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, క్లవ్‌సాన్ ముందున్న పిల్లను ఇన్నేళ్లలో మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. చప్పుడు కాకుండా గొళ్లెం పైకెత్తి పట్టుకుని, ఆమెను ఒంటరిగా వదిలి తలుపు మూసింది.