మంచు గదికి మిస్డ్ కాల్

ఎంబిటా ఊరి సరస్సు ఒడ్డున అడోయోను ఎరగనివాళ్లు లేరు. నైరోబీలో కంప్యూటర్ చదువు చదివొచ్చి, ఎవరూ అడక్కుండానే పెద్ద పనొకటి నెత్తికెత్తుకుంది. సిమ్ వేస్తే మెసేజీలు పంపే మోడెం పెట్టె ఉంటుంది కదా, దానికి ఆజ్ఞలిచ్చి, అది తిరిగి చెప్పే ముక్కల్ని విడదీసి అర్థం చేసుకునే లైబ్రరీ, అంటే ఏ ప్రోగ్రామ్‌లోనైనా వాడుకోగల కోడ్ మూట, రాయడం ఆ పని. రస్ట్ అనే భాషలో రాసింది. మహా గదమాయించే భాష అది. ఇలా కాకపోతే ఏం చేస్తావు, అలా కాకపోతే ఏం చేస్తావు అని నిలదీసి, అన్నిటికీ జవాబు రాస్తేగానీ కదలనివ్వదు.

ఆ పెట్టెను ఒడ్డున చేపల మంచు గదికి తగిలించింది. గది వేడెక్కితే జాలరుల సంఘం పెద్ద ఒడుండో ఫోనుకు మెసేజి వెళ్లాలి. వెళ్లలేదు. ఒకసారి కాదు, రెండుసార్లు. బుట్టల కొద్దీ చేప మెత్తబడిపోయింది.

"శనివారం దాకా చూస్తా పిల్లా," అన్నాడు ఒడుండో. "అప్పటికీ మూగదే అయితే పీకి నీ చేతిలో పెడతా. మా బావమరిదిని కాపలా పెట్టుకుంటా."

"ఆయన నిద్రపోతాడు కదా బాబాయ్!"

"పోతే గురకన్నా వినిపిస్తుంది. నీ పెట్టెకి అదీ లేదుగా."

అడోయోకు కోపంకన్నా వింతే ఎక్కువైంది. తన గదిలో రోజంతా చక్కగా నడిచేది ఇక్కడికొచ్చేసరికి, అదీ తెల్లారేసరికే, ఎందుకు బిగుసుకుపోతోంది? చెమ్మవల్లనా? పడవ ఇంజన్లవల్లనా? మర్నాడు పొద్దున్నే మంచు గది పక్కన బుట్ట బోర్లించుకుని కూర్చుని, మోడెం పలికే ప్రతి మాటా తెరమీద చూసింది.

సిగ్నల్ ఎంతుందని ప్రోగ్రామ్ అడిగింది. మోడెం జవాబు చెప్పబోతూ మధ్యలో "రింగ్" అంది. వెనకే ఒక నంబరు. అంతే, ప్రోగ్రామ్ కొయ్యబారిపోయింది. ఇంకేదైనా వస్తే ఏం చేస్తావని భాష నిలదీసినచోట "తప్పు, ఆగిపో" అని అడోయోనే రాసింది మరి! అడక్కుండా మోడెం నోరు విప్పుతుందని ఆమె అనుకోలేదు.

మంచు గదికి ఫోన్ చేసేదెవరబ్బా? ఆ నంబరుకు తన ఫోన్లోంచి చేసింది.

"ఎవరూ?" అంది అవతల ఒక ముసలి గొంతు.

"మంచు గది నుంచి మాట్లాడుతున్నా."

"ఓలమ్మో! ఒసే, మంచు గది మాట్లాడుతోందే!"

అడోయోకు నవ్వాగలేదు. ఎదురు దీవిలో చేపలమ్మే న్యార్ గెమ్ అవ్వ ఆమె.

"నేను అడోయోని అవ్వా. దానికెందుకు ఫోన్ చేస్తున్నావు?"

"నేనొక్కదాన్నే ఏమిటి, తెల్లారగానే అందరం మిస్డ్ కాల్ ఇస్తాం. మోగితే కరెంటున్నట్టు, మంచున్నట్టు. మోగకపోతే మంచుకోసం పడవెక్కడం దండగ. నంబరు తలుపుమీద రాసింది నువ్వేగా తల్లీ!"

సిమ్ మార్చేస్తే చిటికెలో తేలిపోయే పని. కానీ అంతమంది ఆడవాళ్లు గంపలెత్తుకుని సరస్సు దాటొచ్చి, కరెంటు లేదని ఉత్తచేతులతో తిరిగెళ్లాలి. అడోయోకు మనసొప్పలేదు. ఆగిపో అన్న మాట కొట్టేసింది. అడక్కుండా వచ్చిన మాటను పక్కన ఇంకో గంపలో వేసి, అడిగినదాని జవాబుకోసం వింటూనే ఉండమని రాసింది. భాష గొణిగింది, ఆమె సర్దింది, అది మళ్లీ గొణిగింది, చివరికి ఒప్పుకుంది.

శనివారం సంఘమంతా కూడింది. దీవినుంచి వచ్చిన అవ్వలూ చేరారు. అడోయో మంచు గది తలుపు బార్లా తెరిచి, "ఇక ఇవ్వండమ్మా మిస్డ్ కాల్స్, ఆపకుండా!" అంది.

"ఎత్తదుగా? డబ్బులు పోతాయే!" అంది న్యార్ గెమ్, మీట నొక్కుతూనే.

తెరమీద రింగ్ మీద రింగ్. అడోయో గోళ్లు కొరుక్కుంటోంది. కాసేపటికి ఒడుండో జేబులో ఫోన్ కుయ్యిమంది. తీసి చదివాడు.

"మూయండే ఆ తలుపు! గది వేడెక్కుతోందంట!"

ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. పెట్టె పీకే మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. అడోయో మాత్రం తెరకు ముక్కు ఆనించి కూర్చుంది. రింగుల మధ్య, ఎన్నడూ చూడని మాట ఇంకొకటి పలికింది మోడెం.

"ఇదేం చెబుతున్నట్టు?" అనుకుంటూ బుట్ట ముందుకు జరుపుకుంది.